శ్రీలంక పేరు ఎత్తేముందు

2022 వేసవి నుంచి మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ అప్పుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక మాట వినిపిస్తోంది: "ఇలాగే సాగితే మనమూ శ్రీలంక అయిపోతాం." టీవీ చర్చల్లో విన్నాను, సంపాదకీయాల్లో చదివాను, ఒక పెళ్లి భోజనాల బంతిలో కూడా విన్నాను. ఆ మాట అనేవారి మనసులో ఉన్న కథ చిన్నది. అక్కడి ప్రభుత్వం పేదలకు ఉచితంగా పంచిపెట్టింది, ఖజానా ఖాళీ అయింది, దేశం దివాలా తీసింది. ఇక్కడా పథకాల పేరుతో పంచుతున్నారు కనుక ఇక్కడా అదే గతి. ఈ కథ మన రాజకీయాలకు పనికొస్తుందేమో గాని, ఇందులో శ్రీలంక ఎక్కడా లేదు. గుంటూరులో ఒక బ్యాంకు విదేశీ మారక విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక ఆ దేశపు సంక్షోభం నాకు పత్రికలకన్నా ముందు ఒక మిర్చి బిల్లు రూపంలో తెలిసింది.

గుంటూరు మిర్చికి శ్రీలంక పాత ఖాతాదారు. నాకు బాగా పరిచయమున్న ఒక ఎగుమతి వ్యాపారి 2021 నవంబరులో రెండు కంటైనర్ల సరుకును తొంభై రోజుల గడువు బిల్లు మీద కొలంబోకు పంపారు. ఫిబ్రవరిలో గడువు తీరింది, సొమ్ము రాలేదు. ఆయన ఫోన్ చేసి, "మేనేజరు గారూ, కొన్నవాడు మంచివాడే. వాళ్ల రూపాయల్లో బ్యాంకులో కట్టేశాడట, రసీదు కూడా పంపించాడు. బ్యాంకువాళ్లే డాలర్లు లేవంటున్నారు. కట్టిన డబ్బు చేతిలో పెట్టుకుని ఇవ్వలేమనడం ఏమిటండీ?" అని అడిగారు. నేను రిటైరై అప్పటికి కొన్నేళ్లయినా ఆయన నన్ను మేనేజరు గారనే పిలుస్తారు.

ఆయన ప్రశ్నలోనే సంక్షోభమంతా ఉంది. శ్రీలంకలో రూపాయలకు కొరత రాలేదు. రూపాయలు కేంద్ర బ్యాంకు అచ్చువేసుకోవచ్చు, వేసింది కూడా. పెట్రోలు, వంటగ్యాసు, మందులు, పాలపొడి, కాగితం, పప్పులు, మిర్చి బయటినుంచి తెచ్చుకునే ఆ ద్వీపంలో కరువైనవి డాలర్లు. 2019 చివర 760 కోట్ల డాలర్లున్న విదేశీ మారక నిల్వల్లో 2022 మే నాటికి వాడుకోదగినవి ఐదు కోట్ల డాలర్లు కూడా లేవని అక్కడి ఆర్థిక మంత్రే పార్లమెంటులో చెప్పారు. రెండు కోట్ల ఇరవై లక్షల జనాభా ఉన్న దేశానికి అది ఒకటి రెండు ఓడల ఇంధనానికి వచ్చే మొత్తం. ఓడలు కొలంబో బయట లంగరు వేసి ఉండేవి, సొమ్ము ముట్టలేదని సరుకు దించేవి కావు.

అంత నిల్వ రెండున్నరేళ్లలో ఎలా కరిగిపోయిందన్నది అసలు విషయం. 2019 నవంబరులో గోటబయ రాజపక్స అధ్యక్షుడిగా గెలిచారు. గెలిచిన కొద్ది రోజులకే, ఎన్నికల హామీ ప్రకారం, పన్నులను ఎడాపెడా తగ్గించారు. విలువ ఆధారిత పన్ను పదిహేను శాతం నుంచి ఎనిమిది శాతానికి దిగింది. అంతకుముందు ఏడాదికి కోటీ ఇరవై లక్షల రూపాయల అమ్మకాలు దాటిన వ్యాపారి ఆ పన్ను కట్టవలసి ఉండగా, ఆ హద్దును ఒక్కసారిగా ముప్పై కోట్లకు పెంచేశారు. జీతాల్లోంచి నెలనెలా కోసే ఆదాయపు పన్నును ఎత్తేశారు. 1990 ప్రాంతంలో స్థూల దేశీయోత్పత్తిలో 19 శాతం దాకా ఉన్న పన్నుల రాబడి అప్పటికే తగ్గుతూ తగ్గుతూ 12 శాతం లోపుకు వచ్చి ఉంది. ఈ దెబ్బతో 2020లో ఎనిమిది శాతం దగ్గర పడింది. అంత తక్కువ వసూలు చేసే ప్రభుత్వాలు ప్రపంచంలో కొన్నే ఉంటాయి, అవి కూడా చాలావరకు చమురు అమ్ముకునేవో యుద్ధంలో కూరుకుపోయినవో. మరోవైపు ఆ దేశంలో పేదలకు నేరుగా నగదు సాయం అందించే సమృద్ధి పథకానికి సంక్షోభానికి ముందు అవుతున్న ఖర్చు స్థూల ఉత్పత్తిలో అర శాతం కూడా లేదు. పేదలకు పంచిన దానికి ఎన్నో రెట్లు, అమ్మకాలు కోట్లలో ఉన్నవారి దగ్గర అడగకుండా వదిలేసిన సొమ్ము. "ఉచితాలు" అన్న పదాన్ని ఈ రెండోదానికి వాడడం మన చర్చల్లో నేనెప్పుడూ వినలేదు.

పన్ను రాకపోతే అప్పు చెయ్యాలి. ఇక్కడ డాలరు అప్పు కథ కొంచెం వెనక్కి వెళ్తుంది. శ్రీలంక 2007లో మొదటిసారిగా అంతర్జాతీయ మార్కెట్లో యాభై కోట్ల డాలర్ల సార్వభౌమ బాండ్లు, అంటే ప్రభుత్వం తన పేరు మీద అమ్మే అప్పు పత్రాలు, అమ్మింది. అంతకుముందు ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు, జపాను ఇచ్చిన అప్పులు స్వల్ప వడ్డీకి, దశాబ్దాల గడువుతో ఉండేవి. తలసరి ఆదాయం పెరిగి మధ్య ఆదాయ దేశాల జాబితాలోకి చేరాక ఆ చౌక అప్పులు తగ్గాయి, వాటి స్థానంలో బాండ్లు వచ్చాయి. బాండు అడిగినంత తేలిగ్గా దొరుకుతుంది, షరతులు ఉండవు, మంత్రిగారి సంతకంతో పని అయిపోతుంది. కాని వడ్డీ ఆరేడు శాతం, గడువు ఐదేళ్లో పదేళ్లో, గడువునాడు అసలు మొత్తం ఒకేసారి కట్టాలి. కట్టడానికి మరో బాండు అమ్మాలి. సంక్షోభం నాటికి విదేశీ రుణంలో మూడో వంతుకు పైగా ఇలాంటి బాండ్లే. చైనా "అప్పుల ఉచ్చు" గురించి మన పత్రికలు రాసినంతగా న్యూయార్కు, లండన్ల నుంచి వచ్చిన ఈ ఉచ్చు గురించి రాయలేదు. చైనా వాటాను ఎంత ఉదారంగా లెక్కించినా ఐదో వంతు దగ్గర ఆగుతుంది. హంబన్‌తోట రేవును 2017లో 112 కోట్ల డాలర్లకు ఒక చైనా కంపెనీకి 99 ఏళ్ల కౌలుకు ఇచ్చిన మాట నిజమే. ఆ డబ్బు రేవు అప్పు తీర్చడానికి పోలేదు, విదేశీ మారక నిల్వల్లోకి వెళ్లింది, రేవు అప్పు అలాగే మిగిలింది.

అంతమాత్రాన చైనా అప్పుతో కట్టిన కట్టడాలన్నీ తెలివైనవని కాదు. హంబన్‌తోట రాజపక్సల సొంత జిల్లా. దానికి దగ్గరలో 2013లో తెరిచిన మత్తల అంతర్జాతీయ విమానాశ్రయానికి విమానాలు రాక, ఒక దశలో దాని సరుకు గోదాముల్లో వడ్లు నిల్వచేశారు. డాలర్లతో అప్పు తెచ్చి డాలరు సంపాదించని కట్టడం కడితే తీర్చేది దేనితోనన్నది మా విభాగంలో కొత్తగా చేరిన గుమాస్తా కూడా అడిగే ప్రశ్న.

2019 ఏప్రిల్ 21న, ఈస్టరు ఆదివారంనాడు, చర్చిల్లోను హోటళ్లలోను జరిగిన పేలుళ్లలో రెండువందల యాభైమందికి పైగా చనిపోయారు. పర్యాటకులు వెనక్కి తగ్గారు. మరుసటి ఏడాది కోవిడ్ వచ్చి, 2018లో 23 లక్షలమంది వచ్చిన దేశానికి 2021లో రెండు లక్షలమంది కూడా రాలేదు. ఈ రెండూ ప్రభుత్వం చేతిలో లేనివి, ఒప్పుకుంటాను. కాని దేశాల అప్పు తీర్చే సత్తాను అంచనా వేసే అంతర్జాతీయ రేటింగు సంస్థలు 2020లోనే శ్రీలంక స్థాయిని అడుగుకు దించేశాయి, కొత్త బాండ్లు అమ్మే దారి మూసుకుపోయింది. అప్పుడే అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) దగ్గరికి వెళ్లి, రుణదాతలతో కూర్చుని గడువులు మార్చుకుని ఉంటే నిల్వల్లో ఇంకా ఐదారు వందల కోట్ల డాలర్లు మిగిలి ఉండేవి. వెళ్లలేదు. ద్రవ్యనిధి షరతుల్లో మొదటిది పన్నులు పెంచమనే కనుక, గెలిపించిన హామీని గెలిచిన ఏడాదికే తిరగేయడం ఎవరికి ఇష్టముంటుంది?

మిర్చి వ్యాపారి డాలర్లు ఎక్కడ ఆగిపోయాయో చెప్పాలంటే మారకపు రేటు సంగతి చెప్పాలి. 2021లో కేంద్ర బ్యాంకు డాలరును రెండువందల రూపాయల దగ్గర బిగించి పట్టుకుంది. బయటి బజారులో రేటు అంతకన్నా చాలా ఎక్కువ. గల్ఫులోను ఇటలీలోను పనిచేసే లంక కార్మికులు, మన కడప, కరీంనగర్ కుటుంబాలవారు ఒకప్పుడు చేసినట్టే, బ్యాంకు మానేసి, అనధికారంగా డబ్బు చేరవేసే హుండీవాళ్ల ద్వారా ఇంటికి పంపడం మొదలుపెట్టారు. 2020లో 710 కోట్ల డాలర్లు వచ్చిన చోట 2021లో దాదాపు 550 కోట్లే బ్యాంకుల్లోకి చేరాయి. ఎగుమతిదారులు కూడా డాలర్లను బయటే ఆపుకున్నారు. రూపాయి పరువు కాపాడడానికి పట్టుకున్న రేటు బ్యాంకుల్లో డాలరు లేకుండా చేసింది. అలాంటి సమయంలో, 2022 జనవరి 18న, గడువు తీరిన యాభై కోట్ల డాలర్ల బాండును ప్రభుత్వం అణా పైసలతో సహా చెల్లించింది. మందులకు డాలర్లు లేని దేశంలో బాండు కొన్నవారికి మాత్రం రోజు తప్పకుండా ముట్టింది. మా వ్యాపారి బిల్లు గడువు దాని తర్వాత మూడు వారాలకు తీరింది. మార్చి 7న రేటును వదిలేశారు. మే నాటికి డాలరు 360 రూపాయలైంది.

ఈ సందర్భంలో 1991 గుర్తుకు రాకుండా ఉండదు. అప్పుడు నేను చిన్న ఆఫీసర్ని. దిగుమతికి ఎల్‌సీ (అమ్మినవాడికి సొమ్ము ముడుతుందని బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) తెరవాలంటే చాలా సరుకులకు విలువకు రెట్టింపు రొక్కం డిపాజిట్ చెయ్యాలని రిజర్వు బ్యాంకు ఉత్తర్వు వచ్చినప్పుడు వ్యాపారులు మా మీద కేకలు వేసేవారు. మన దగ్గర కొద్ది వారాల దిగుమతులకు సరిపడే నిల్వే ఉండేది. జూలైలో, పి.వి. నరసింహారావు ప్రధాని అయిన రోజుల్లో, 47 టన్నుల బంగారం ఓడల మీద కాదు, విమానాల్లో లండన్‌కు వెళ్లింది. అవమానమని అందరం తిట్టుకున్నాం. కాని అదే నెల మొదటి మూడు రోజుల్లో రూపాయి విలువను రెండుసార్లు తగ్గించి, అప్పు ఎగ్గొట్టకుండా గట్టెక్కారు. ఆ సంస్కరణల మంచిచెడ్డలపై నాకున్న సందేహాలు వేరే సంగతి. ముంచుకొస్తున్నప్పుడు ముంచుకొస్తోందని ఒప్పుకోవడంలో మాత్రం ఢిల్లీ వారాలు తీసుకుంటే కొలంబో రెండేళ్లు తీసుకుంది.

ఆ రెండేళ్లూ ఎవరూ కాదనలేకపోవడానికి కారణం రాజకీయంలో ఉంది. 1978 రాజ్యాంగం నుంచి అక్కడ అధ్యక్షుడికి విపరీతమైన అధికారాలున్నాయి. 2020 అక్టోబరులో చేసిన ఇరవయ్యవ సవరణ, అంతకుముందు పెట్టిన కాస్త కళ్లాలను కూడా తీసేసింది. 2021 మధ్య నాటికి గోటబయ అధ్యక్షుడు, ఒక అన్న మహింద ప్రధాని, తమ్ముడు బసిల్ ఆర్థిక మంత్రి, పెద్దన్న చమల్ నీటిపారుదల మంత్రి, మహింద కొడుకు నమల్ క్రీడల మంత్రి. 2009లో తమిళ పులులపై గెలిచిన కుటుంబమన్న కీర్తి సింహళ గ్రామాల్లో వారికి పెట్టని కోట. ఆ కోటలోంచే ఎరువుల నిర్ణయం వెలువడింది. పదేళ్లలో సేంద్రియ సాగుకు మారతామని ఎన్నికల పత్రంలో రాసుకున్నవారు, 2021 మే నెలలో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కరోజులో నిషేధించారు. ఆరోగ్యం కోసమన్నారు, ఎరువులకు పోసే డాలర్లు మిగులుతాయన్నది చెప్పని కారణమని నా అభిప్రాయం. వ్యవసాయ శాస్త్రవేత్తలు నెత్తీనోరూ కొట్టుకున్నారు. నవంబరులో నిషేధం ఎత్తేసేటప్పటికి అక్కడి ప్రధాన వరి కారైన "మహా" పంట నాట్లు అయిపోయాయి. ఆ పంటకు వడ్ల దిగుబడి మూడో వంతుకు పైగా పడిపోయింది, మిగిల్చుకున్న డాలర్లు బియ్యం దిగుమతికి పోయాయి. వరి పండించే మన జిల్లాల రైతుకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు: ఆకు పసుపు రంగుకు తిరగక ముందే యూరియా అందకపోతే ఆ ఏడు సంగతి అంతే.

2022 మార్చిలో పరీక్షపత్రాలకు కాగితం లేక పశ్చిమ రాష్ట్రంలో బడి పరీక్షలు వాయిదా వేశారు. నెలాఖరుకు రోజుకు పదమూడు గంటలు కరెంటు లేదు. పెట్రోలు వరుసల్లో నిలబడి మనుషులు ప్రాణాలు వదిలారు. ఏప్రిల్ 12న విదేశీ అప్పుల చెల్లింపులు ఆపేస్తున్నామని ప్రభుత్వం ప్రకటించింది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ దేశం బాకీ ఎగవేయడం అదే మొదలు. అప్పటికే కొలంబో సముద్రపు ఒడ్డున గాల్ ఫేస్ మైదానంలో కుర్రవాళ్లు గుడారాలు వేసుకుని, "గోటా, ఇంటికి పో" అన్న నినాదాన్నే ఊరి పేరుగా పెట్టుకుని, వంటశాల, గ్రంథాలయంతో ఒక ఊరిని నిలబెట్టారు. మే 9న మహింద అనుచరులు వారిపై దాడిచేశారు, ఆ సాయంత్రానికే మహింద రాజీనామా చేయవలసి వచ్చింది. జూలై 9న జనం అధ్యక్ష భవనంలోకి నడిచివెళ్లారు. గోటబయ మాల్దీవులకు, అక్కడినుంచి సింగపూరుకు వెళ్లి రాజీనామా పంపారు. ఉత్తరాది తమిళులలో చాలామంది ఈ ఉద్యమాన్ని కొంచెం దూరంగా నిలబడి చూశారన్నది మన పత్రికల్లో పెద్దగా రాలేదు. వారికి వరుసలు, చీకటి, మందులు లేని ఆసుపత్రులు యుద్ధకాలంనుంచీ తెలుసు. అప్పుడు దక్షిణాదిలో ఇలాంటి గుడారాలు లేవలేదు.

తర్వాత జరిగినదాన్ని కోలుకోవడమని అంటున్నారు. లెక్కల ప్రకారం నిజమే. 2022 సెప్టెంబరులో డెబ్బై శాతం దగ్గరికి చేరిన ధరల పెరుగుదల ఏడాదిలో ఒక అంకెలోకి దిగింది. మన దేశం 2022లోనే దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం అందించింది. ద్రవ్యనిధి 2023 మార్చిలో మూడువందల కోట్ల డాలర్ల కార్యక్రమం మంజూరు చేసింది. 1965 నుంచి లెక్కిస్తే అది పదిహేడోది. కాని ఖరీదు కట్టింది ఎవరు? విలువ ఆధారిత పన్ను ఎనిమిది నుంచి 2024 జనవరికి పద్దెనిమిది శాతానికి ఎక్కింది, ఈసారి కొనే ప్రతివాడూ కట్టాలి. కరెంటు చార్జీలు 2022 ఆగస్టులో సగటున 75 శాతం, ఆరు నెలలకు మరో 66 శాతం పెరిగాయి. దేశీయ రుణాన్ని సర్దేటప్పుడు బ్యాంకులను పక్కనపెట్టి, కార్మికుల భవిష్యనిధిలో ఉన్న ప్రభుత్వ బాండ్లకు వడ్డీ కోశారు. తేయాకు తోటల కూలీల రోజుకూలి అప్పట్లో వెయ్యి రూపాయలు. 2021లో అది ఐదు డాలర్లు, మరుసటేటికి మూడు డాలర్లకు తక్కువ. 1948లో పౌరసత్వం కోల్పోయి దశాబ్దాలు పోరాడి తిరిగి తెచ్చుకున్న ఆ తోటల తమిళులే ఈసారీ అందరికన్నా ఎక్కువగా పస్తులున్నారు. ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారం పేదరికం ఏడాదిలో రెట్టింపై, నలుగురిలో ఒకరి దాకా వచ్చింది.

ఇంకొక విషయం నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. పార్లమెంటులో తన పార్టీకి ఒకే ఒక్క స్థానం ఉన్న రణిల్ విక్రమసింఘె, రాజపక్సల సభ్యుల ఓట్లతో అధ్యక్షుడై, 2023లో జరగవలసిన స్థానిక ఎన్నికలను డబ్బు లేదన్న కారణంతో ఆపేశారు. అది ప్రాథమిక హక్కుల ఉల్లంఘన అని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో తేల్చింది; ఎన్నికలు జరిగింది 2025 మేలో. ఆ కోర్టే, ఆర్థిక పతనానికి రాజపక్స సోదరులు, కేంద్ర బ్యాంకు మాజీ గవర్నర్లు బాధ్యులని 2023 నవంబరులో తీర్పు చెప్పింది. జనం తమ తీర్పును 2024 సెప్టెంబరులో ఇచ్చారు. 2019లో మూడు శాతం ఓట్లు వచ్చిన అనుర కుమార దిసనాయకెను అధ్యక్షుణ్ణి చేశారు. రెండు నెలల తర్వాత ఆయన కూటమికి 225 స్థానాల్లో 159 ఇచ్చారు. ఒకప్పుడు రెండుసార్లు సాయుధ తిరుగుబాటు చేసిన పార్టీ నాయకుడు ఇప్పుడు ద్రవ్యనిధి షరతులను ఒక్కొక్కటే అమలు చేస్తున్నారు. ఆయనకు వేరే దారి ఉందా అంటే నాకూ కనిపించడం లేదు.

ఇక మన పోలిక. రాష్ట్రాలు రూపాయల్లో అప్పు చేస్తాయి, కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం రాజ్యాంగం 293వ అధికరణం ప్రకారం కేంద్రం అనుమతి తీసుకోవాలి, బాండ్ల వేలం రిజర్వు బ్యాంకు నడుపుతుంది. విశాఖ రేవులో పెట్రోలు ఓడ డాలర్లు లేక ఆగడమన్నది అమరావతి నిర్ణయం వల్లనో హైదరాబాదు నిర్ణయం వల్లనో జరిగే పని కాదు. మన జబ్బు వేరు: కాళేశ్వరం లాంటి కార్పొరేషన్ల పేరిట తెచ్చి బడ్జెట్ లెక్కలో చూపించని అప్పులు, కాంట్రాక్టర్లకు ఏళ్ల తరబడి చెల్లించని బిల్లులు, ఒకటో తారీఖు దాటిపోయే జీతాలు. వీటిని గట్టిగా అడగవలసిందే. కాని అడిగేటప్పుడు శ్రీలంక పేరు వాడితే, పింఛను తీసుకునే ముసలమ్మ మీదికి వేలు పోతుంది. పన్ను రాయితీలు, చౌకగా కట్టబెట్టిన భూములు, ఎవరి లెక్కలోకీ రాని హామీలు పక్కకు తప్పుకుంటాయి. కొలంబోలో సరిగ్గా ఈ పక్కకు తప్పుకున్నవే ముంచాయి.

మా వ్యాపారికి ఆ బిల్లు సొమ్ము 2022 అక్టోబరులో వచ్చింది, ఎనిమిది నెలలు ఆలస్యంగా, వడ్డీ లేకుండా. ఆయన కొలంబోకు సరుకు పంపడం మానలేదు. కాకపోతే ఇప్పుడు సగం సొమ్ము ముందే ఖాతాలో పడితేనే మిర్చి టిక్కీలు (బస్తాలు) యార్డు దాటుతాయి. కిందటి సీజనులో అవతలివాడు గడువు బిల్లు మీద పంపమని మళ్లీ అడిగాడట. "వాడు మంచివాడేనండీ, అప్పుడూ మంచివాడే" అని చెప్పి, ఏం చెయ్యమంటారని నన్ను అడిగారు. నేను ఇంకా జవాబు చెప్పలేదు.